విభాగం సర్వర్లను మనమే నడుపుకోవాలా, ఇక అప్పగించేయాలా?

సర్వర్_గది_తాళం | మంగళవారం, ఉదయం 10.40

సభ్యులందరికీ నమస్కారం. కోస్తాలోని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో, కంప్యూటర్ సైన్సు విభాగంలో అసోసియేట్ ప్రొఫెసర్‌గా పనిచేస్తున్నాను. మా విభాగం 2003 నుంచి తన ఈమెయిల్‌ను, వెబ్‌సైటును, మెయిలింగ్ లిస్టులను, తన ఉపడొమైన్‌కు (విశ్వవిద్యాలయ వెబ్ చిరునామా కింద విభాగానికున్న పేరుకు) కావలసిన డీఎన్‌ఎస్‌ను, అంటే ఆ పేరును యంత్రపు అంకెల చిరునామాతో (ఐపీతో) కలిపే వ్యవస్థను, సొంత యంత్రాల మీదే నడుపుకుంటోంది. తర్వాతి కాలంలో వాటికి మూడుల్ (పాఠాలు, అసైన్‌మెంట్ల వేదిక), గిట్‌ల్యాబ్ (ప్రోగ్రాముల కోడ్ దాచుకునే చోటు) తోడయ్యాయి. ఇన్నాళ్లూ ఈ భారమంతా మోసిన సిస్టమ్స్ అనలిస్టు గారు జూన్ 30న పదవీ విరమణ చేస్తున్నారు. ఆయనది మంజూరైన పోస్టే అయినా భర్తీ అయ్యే సూచనలేవీ లేవు. అవసరమనుకుంటే ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో ఒకరిని తీసుకోమని పైనుంచి నోటిమాటగా చెప్పారు. ఈ సేవలను ఇలాగే కొనసాగించాలా, లేక విశ్వవిద్యాలయ కంప్యూటర్ కేంద్రం గూగుల్‌తో చేసుకున్న ఏర్పాటులో కలిసిపోవాలా అన్న విషయంపై ఆరు వారాల్లో నోట్ పెట్టమని మా విభాగాధిపతి నాకు అప్పగించారు.

ప్రస్తుత పరిస్థితి ఇది. ర్యాకులో రెండు సర్వర్లున్నాయి. ఒకటి 2012లో, మరొకటి 2018లో ప్రాజెక్టు నిధులతో కొన్నవి. మెయిల్ ఖాతాలు 140 ఉన్నా వాటిని నిత్యం వాడేవారు 60 మందికి మించరు. మెయిలింగ్ లిస్టులు 11. పాత యంత్రం మీద ఇప్పటికీ సెంటోస్ 7 అనే లినక్సు ఆపరేటింగ్ సిస్టమ్, దానిపై మెయిల్ పంపే పోస్ట్‌ఫిక్స్, వచ్చిన మెయిల్ చూపే డవ్‌కాట్, లిస్టులు నడిపే పాత మెయిల్‌మ్యాన్ నడుస్తున్నాయి. యూపీఎస్ బ్యాటరీలు 40 నిమిషాలు నిలబడతాయని కాగితం మీద ఉంది, నిజానికి 15 నిమిషాలు నిలబడితే గొప్ప.

నా మనసు కొనసాగించడం వైపే మొగ్గుతోందని ముందే ఒప్పుకుంటున్నాను. కంప్యూటర్ సైన్సు విభాగమే తన మెయిల్ తాను నడుపుకోలేనంటే పిల్లలకు నెట్‌వర్కింగ్ ఏ ముఖంతో చెబుతాం అన్నది నా బాధ. అయితే నోట్‌లో బాధను రాయలేను కదా, కారణాలు రాయాలి. అనుభవమున్నవారు చెప్పగలరు.

పాత_కన్సోల్ | మంగళవారం, మధ్యాహ్నం 1.15

మేడం, నేను వేరొక విశ్వవిద్యాలయపు కంప్యూటర్ కేంద్రంలో 27 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. మీరు అడిగిన ప్రశ్నకు ముందు మరో ప్రశ్న ఉంది. ఆ యంత్రాల మీద సర్వాధికారమిచ్చే రూట్ పాస్‌వర్డు తెలిసినవారు ఈ రోజు ఎంతమంది? ఒక్కరే అయితే ఇన్నాళ్లూ ఆ సేవలను నడిపింది విభాగం కాదు, ఆ ఒక్క మనిషి. ఆయన జూన్ 30న వెళ్లిపోయాక మీరు కొనసాగించేదేమీ ఉండదు, కొత్తగా మొదలుపెట్టాల్సిందే ఉంటుంది. కాబట్టి "కొనసాగించాలా" అన్న మాటను నోట్‌లోంచి తీసేసి "ఈ రోజు మొదలుపెట్టేవాళ్లమైతే దీన్ని మొదలుపెడతామా" అని ఒక్కో సేవకూ విడివిడిగా వేసుకుని చూడండి.

మెయిల్ విషయంలో నా జవాబు సూటిగానే చెబుతాను: వదిలేయండి. మెయిల్ సర్వర్‌ను నిలబెట్టడం కష్టమేమీ కాదు, ఒక శనివారం చాలు. దాన్ని ఇతరులు నమ్మేలా ఉంచడమే కష్టం. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ తమకు మెయిల్ పంపే వారందరికీ షరతులు బిగించాయి. రోజుకు 5,000 దాటి పంపేవారికి, ఉత్తరం నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ తప్పనిసరి. మీవంటి చిన్నవారికి కూడా ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో కనీసం ఒకటి ఉండాలి, పంపే ఐపీ చిరునామాకు సరైన రివర్స్ డీఎన్‌ఎస్ (ఐపీ నుంచి పేరు చెప్పే రికార్డు) ఉండాలి. ఆ రివర్స్ రికార్డు మీ చేతిలో ఉండదు, మీకు ఐపీలు ఇచ్చినవారి చేతిలో ఉంటుంది. దానికోసం మా కేంద్రం నుంచి ఒకప్పుడు నాలుగు ఉత్తరాలు వెళ్లాయి, మార్పు వచ్చేసరికి ఆ సెమిస్టరే అయిపోయింది.

ఇవన్నీ చక్కబెట్టుకున్నా, ఏదో ఒక రాత్రి ఒక ఎంటెక్ విద్యార్థి పాస్‌వర్డు దొంగల చేతికి చిక్కుతుంది. తెల్లవారేసరికి మీ క్యూలో ముప్పయివేల స్పామ్ ఉత్తరాలుంటాయి, మీ ఐపీ స్పామ్ పంపేవారి నిరోధక జాబితాల్లోకి ఎక్కుతుంది. అక్కడి నుంచి దించుకోవడానికి పట్టే రోజుల్లో విభాగాధిపతి గారి ఉత్తరాలు కూడా వెనక్కి వస్తుంటాయి. ఆ రాత్రి లేచి కూర్చునే మనిషి ఎవరో పేరు రాయగలిగితే కొనసాగించండి.

థీసిస్_మధ్యలో | మంగళవారం, రాత్రి 9.50

నేను పీహెచ్‌డీ విద్యార్థిని. పాత_కన్సోల్ గారి మీద గౌరవంతోనే ఒక అభ్యంతరం చెబుతాను. అప్పగించడమంటే భద్రత అన్నట్టు అందరూ మాట్లాడుతున్నారు గానీ, అప్పగించిన తర్వాత నిబంధనలు మార్చేది అవతలివారే. అపరిమిత నిల్వ ఉచితమని చెప్పి విద్యాసంస్థలను చేర్చుకున్న గూగుల్ 2021 ఫిబ్రవరిలో ఆ మాట వెనక్కి తీసుకుంది. 2022 జూలై నుంచి సంస్థ మొత్తానికీ కలిపి 100 టెరాబైట్లే అన్నది. వేలమంది విద్యార్థులున్న విశ్వవిద్యాలయానికి అది తలకు ఎంత వస్తుందో లెక్కవేసుకోండి. మేమున్న చోట పరిశోధక విద్యార్థులను 15 రోజుల గడువిచ్చి డేటాసెట్లు ఖాళీ చేయమన్నారు. నా సహాధ్యాయి ఒకతను బాహ్య హార్డ్‌డిస్కులు కొనుక్కుని వరండాలో కూర్చుని రాత్రంతా కాపీ చేసుకున్నాడు.

ఇంకొకటి. 2025 జూలైలో చమురు శుద్ధి సంస్థ నయారా ఎనర్జీకి ఏం జరిగిందో గుర్తుండే ఉంటుంది. యూరోపియన్ యూనియన్ ఆంక్షల కారణంగా మైక్రోసాఫ్ట్ ఆ సంస్థ ఈమెయిల్ తదితర సేవలను ఆపేసింది. వారు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు, తర్వాత కొద్దిరోజులకే సేవలు తిరిగొచ్చాయి. అంత పెద్ద సంస్థకు న్యాయవాదులున్నారు. మన విభాగానికి ఎవరున్నారు?

పద్దుల_పుస్తకం | బుధవారం, ఉదయం 11.05

నేను సాంకేతికుణ్ణి కాను, ఒక విశ్వవిద్యాలయ ఫైనాన్సు విభాగంలో సూపరింటెండెంటుని. మా అబ్బాయి ఈ చర్చ చూపించాడు. మీరెవ్వరూ ముట్టుకోని సంగతి ఒకటుంది కాబట్టి రాస్తున్నాను.

విశ్వవిద్యాలయాల్లో యంత్రం కొనడం సులభం, అద్దె కట్టడం కష్టం. ప్రాజెక్టు నిధుల్లో పరికరాల పద్దు ఉంటుంది. ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్‌లో టెండరు పెట్టి ఆరు లక్షల సర్వరు కొంటే ఆడిట్‌లో ఎవరూ నోరెత్తరు, పైగా స్టాకు రిజిస్టరులో కనబడుతుంది. అదే నెలకు ఎనిమిది వేలు క్లౌడ్ అద్దె కట్టాలంటే అది ఏటేటా వచ్చే ఖర్చు. ఏ పద్దులో చూపాలో తెలియదు, ప్రాజెక్టు ముగిసిన మర్నాటి నుంచి కట్టేవారుండరు. బిల్లు డాలర్లలో, క్రెడిట్ కార్డు మీద అన్నారంటే ఫైలు నా బల్ల దాటి వెళ్లదు. అందుకే మన విభాగాల్లో వాడని సర్వర్లు ఉంటాయి, వాటిని చూసుకునే మనుషులు ఉండరు. ఇది సాంకేతిక నిర్ణయమని మీరనుకుంటున్నారు గానీ సగం వరకు పద్దుల నిర్ణయమే.

సొంతంగా నడపడం ఉచితమన్న భ్రమ కూడా ఇక్కడిదే. కరెంటు బిల్లు విశ్వవిద్యాలయం కడుతుంది కాబట్టి విభాగానికి కనబడదు. మేడం గారు వీలైతే ఆ గదికి ఒక మీటరు పెట్టించి చూడాలి.

సర్వర్_గది_తాళం | గురువారం, సాయంత్రం 5.30

పద్దుల_పుస్తకం గారు చెప్పినట్టే ఎలక్ట్రీషియన్ చేత క్లాంప్ మీటరు పెట్టించాను. రెండు సర్వర్లు, స్విచ్చులు కలిసి 700 వాట్ల దాకా, ఒకటిన్నర టన్నుల ఏసీ సగటున 1,200 వాట్లు తీసుకుంటున్నాయి. అంటే 1.9 కిలోవాట్లు, ఏడాదికి 8,760 గంటలు, 16,644 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకుంటే 1,33,000 పైమాటే. 60 మంది మెయిల్ చూసుకోవడానికి, రోజుకు కొన్ని వందలమంది చూసే వెబ్‌సైటుకు ఇంత అవుతోందని 20 ఏళ్లలో ఎవరమూ లెక్కవేయలేదు. ఏసీదే పెద్ద వాటా అన్నది నన్ను మరీ ఇబ్బంది పెట్టింది. యంత్రాలకంటే వాటికి చలువ చేయడానికే ఎక్కువ ఖర్చు పెడుతున్నాం.

పాత_కన్సోల్ గారు అడిగిన ప్రశ్నకు జవాబు: ఒక్కరే. ఆయన్ని అడిగితే నవ్వి, "మీకూ ఒకసారి ఇచ్చాను మేడం, మీరే రాసిపెట్టుకోలేదు" అన్నారు.

మెయిల్ లాగ్‌లు (సర్వరు రాసుకునే నమోదులు) కూడా కూర్చుని చూశాను. మా పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసాలను పరిశీలించే విదేశీ ఆచార్యులకు వెళ్లిన ఉత్తరాలు అవతలి సర్వరుకు చేరినట్టే ఉన్నాయి. కానీ గత ఏడాది ఒక పరిశీలకుడి నుంచి రెండు నెలలు జవాబు రాక, ఫోన్ చేస్తే, మా ఉత్తరం ఆయన స్పామ్ పెట్టెలో దొరికింది. ఆ వ్యాసం రాసిన అమ్మాయి వైవా ఆ మేరకు వెనక్కి వెళ్లింది, ఉద్యోగంలో చేరే తేదీ పొడిగించమని తను బతిమాలుకోవలసి వచ్చింది. అప్పుడు ఆచార్యుల అశ్రద్ధ అనుకున్నాం. మెయిల్ విషయంలో నా మొగ్గు మారింది.

రైన్_తీరం | గురువారం, రాత్రి 11.20

జర్మనీలో ఒక విశ్వవిద్యాలయ కంప్యూటింగ్ కేంద్రంలో పనిచేస్తున్నాను, సొంతూరు ఒంగోలు దగ్గర. "మా గదిలోనా, గూగుల్‌లోనా" అని రెండే దారులున్నట్టు చర్చ సాగుతోంది కనుక మూడోది చెబుతాను. ఇక్కడ నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియా రాష్ట్రంలో సీబో అనే ఫైళ్ల నిల్వ సేవ ఉంది. 2015 నుంచి మ్యూన్‌స్టర్ విశ్వవిద్యాలయం దాన్ని నడుపుతోంది, రాష్ట్రంలోని అనేక విద్యాసంస్థలు దాన్ని పంచుకుంటున్నాయి. బాడెన్ వ్యుర్టెంబెర్గ్‌లో ఇలాంటిదే కార్ల్స్‌రూహె సాంకేతిక సంస్థ నడుపుతోంది. విభాగాలు తమ సొంత యంత్రాలను వదులుకున్నాయి, కానీ సమాచారం రాష్ట్రం దాటలేదు. రాత్రి లేచే మనిషి ఒక విభాగానికి దొరకడు. ముప్పయి సంస్థలు కలిస్తే వంతుల మీద ఆరుగురు దొరుకుతారు. సొంతం అన్న మాటను విభాగం గోడల దగ్గర ఆపేస్తేనే ఈ చిక్కంతా.

పాత_కన్సోల్ | శుక్రవారం, ఉదయం 7.10

రైన్_తీరం గారి మాట బాగుంది, కానీ అలాంటిదాన్ని కట్టే శక్తి ఒక విభాగానికి లేదు, ఆరు వారాల్లో అసలే లేదు. మన దగ్గర అందుకు పునాది మాత్రం ఉంది. నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్ 2010లో మంజూరై గిగాబిట్ లైన్లతో విశ్వవిద్యాలయాలను కలిపింది. ఎర్నెట్ అనే ప్రభుత్వ సంస్థ విద్యాసంస్థల ఏసీ డాట్ ఇన్ డొమైన్లను నమోదు చేస్తోంది. రోడ్డు వేశారు గానీ దాని మీద నడిచే ఉమ్మడి బండిని రాష్ట్రాలు కట్టుకోలేదు. వైస్‌ ఛాన్సలర్ల సమావేశానికి రాయదగిన ఉత్తరం అది, రాయండి, అయితే మీ జూన్ 30 దానికోసం ఆగదు.

చట్టం సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు. దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, చొరబాటు జరిగినట్టు గమనించిన ఆరు గంటల్లో తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులపాటు దేశంలోనే భద్రపరచాలి. మేడం, మీ పాత యంత్రంలో లాగ్‌లు ఎన్నాళ్లుంటున్నాయి? ఏ మార్పూ చేయకపోతే సాధారణంగా నాలుగు వారాలకే చెరిగిపోతాయి. సెంటోస్ 7కు 2024 జూన్ 30తో మరమ్మతులు ఆగిపోయాయి. మీ మెయిల్‌మ్యాన్ నడిచే పైథాన్ 2 అనే ప్రోగ్రామింగ్ భాషకైతే 2020 జనవరి 1నే కాలం చెల్లింది. చొరబాటు జరిగిందో లేదో మీకు తెలియకపోవచ్చు కూడా. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లకు ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ సోకినప్పుడు ఓపీ చీటీలు చేత్తో రాసుకున్నారు. అంతటి సంస్థకే అలా అయింది.

ఉత్తరాంధ్ర_మాస్టారు | శుక్రవారం, మధ్యాహ్నం 3.40

ఎయిమ్స్ దాకా ఎందుకు, నేను 2014 అక్టోబరు 12 చెబుతాను. ఆ రోజు హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. మా కళాశాలకు కరెంటు వచ్చేసరికి తొమ్మిది రోజులైంది. వెబ్‌సైటు మా గదిలోనే ఉంది కనుక తొమ్మిది రోజులూ మేము లోకానికి లేము. పరీక్షల వాయిదా ప్రకటనను ప్రిన్సిపాల్ గారు స్థానిక పత్రికలో వేయించారు. బ్యాకప్ ఉందా అని మీరడుగుతారు. ఉంది, అదే గదిలో, కింది అరలో, నీళ్లలో.

అప్పటినుంచి నా నియమం ఒకటే: ప్రకటన చెప్పాల్సిన చోటు, ఆపదలో పడే చోటు ఒకటి కాకూడదు. వెబ్‌సైటును స్థిరమైన హెచ్‌టీఎంఎల్ పుటలుగా (ముందే తయారుచేసి పెట్టిన వెబ్ పేజీలుగా) మార్చేస్తే దాన్ని ఎక్కడైనా పెట్టవచ్చు, ఖర్చు దాదాపు ఉండదు, చొరబడటానికి అందులో డేటాబేసే ఉండదు. మా విద్యార్థులు ఒక సెమిస్టరులో ఆ పని చేశారు. పాత వెబ్‌సైటు డేటాబేసుతో నడిచే వర్డ్‌ప్రెస్ మీద ఉండేది, దాంట్లో ఎవరో మందుల ప్రకటనలు దూర్చితే ఆరు నెలలు మాకు తెలియలేదు, పూర్వ విద్యార్థి ఒకరు ఫోన్ చేసి చెప్పారు.

థీసిస్_మధ్యలో | శుక్రవారం, రాత్రి 10.15

మెయిల్ గురించి నా వాదన వెనక్కి తీసుకుంటున్నాను. ఆ వైవా సంగతి చదివాక ఇంకేం అంటాను. అయితే పెద్దవారి దగ్గర పెడితే పోదన్నది మాత్రం ఒప్పుకోను. 2021 డిసెంబరులో క్యోటో విశ్వవిద్యాలయ సూపర్‌ కంప్యూటర్‌లో బ్యాకప్ చేసే స్క్రిప్టే తప్పుగా నడిచి 77 టెరాబైట్ల పరిశోధన సమాచారాన్ని చెరిపేసింది. 2024 మేలో గూగుల్ క్లౌడ్ పొరపాటున ఆస్ట్రేలియాలోని యూనీసూపర్ అనే పింఛను నిధి ఖాతా మొత్తాన్నే తొలగించింది. వారు వేరొకచోట కూడా నకలు ఉంచుకున్నందువల్ల తిరిగి లేచారు. కాబట్టి ఎక్కడికి మారినా మన నకలు మన దగ్గర ఉండాలి. దానికి సర్వరు అక్కర్లేదు, నెలకొకసారి డిస్కులోకి తీసి బీరువాలో పెట్టే మనిషి చాలు.

రెండు సంగతులు మాత్రం దయచేసి వదులుకోవద్దు. ఒకటి, డీఎన్‌ఎస్ మీద మన అధికారం. పేరు మన చేతిలో ఉంటే ఈ రోజు గూగుల్, రేపు ఇంకొకరు; చిరునామాలు మారవు. పేరు కూడా ఇచ్చేస్తే తిరిగి రావడానికి దారి ఉండదు. రెండోది, పాత లింకులు. మీ విభాగం 2003 నుంచి పెట్టిన సాంకేతిక నివేదికలను ఎంతమంది తమ వ్యాసాల్లో ఉటంకించి ఉంటారో! కొత్త వెబ్‌సైటు తళతళలాడుతూ వచ్చి పాత పుటలన్నీ 404 (పుట దొరకలేదు) అయిపోవడం మన విశ్వవిద్యాలయాల్లో నేను మూడుసార్లు చూశాను. సర్వరు చచ్చిపోవడం కంటే అదే పెద్ద నష్టమని నా అభిప్రాయం. ఎందుకంటే సర్వరు ఆగితే అందరికీ తెలుస్తుంది, లింకు పోతే ఎవరికీ తెలియదు.

సర్వర్_గది_తాళం | సోమవారం, సాయంత్రం 4.05

వారాంతమంతా కూర్చుని చిత్తుప్రతి రాశాను. ఉదయం విభాగ కమిటీలో పెట్టాను, రెండు గంటలు వాదించుకున్నాం.

మెయిల్ ఆగస్టు లోపు విశ్వవిద్యాలయ ఏర్పాటులోకి వెళ్తుంది. దీనిని ఒకే ఒక్క సీనియర్ ఆచార్యులు వ్యతిరేకించారు. కారణం భద్రత కాదు, ఆయన విజిటింగ్ కార్డులు. విభాగం చిరునామా అలియాస్‌గా (కొత్త పెట్టెకే చేరే మారుపేరుగా) కొనసాగుతుందని హామీ ఇచ్చాక శాంతించారు. వెబ్‌సైటును ఉత్తరాంధ్ర_మాస్టారు గారు చెప్పినట్టు స్థిర పుటలుగా మారుస్తాం; పాత చిరునామాలన్నీ పనిచేయాలన్న షరతును థీసిస్_మధ్యలో గారి మాటల్లోనే రాశాను. మూడుల్‌ను కంప్యూటర్ కేంద్రం తీసుకోవడానికి ఒప్పుకుంది. డీఎన్‌ఎస్ మా దగ్గరే ఉంటుంది, రెండో నేమ్ సర్వరును (డీఎన్‌ఎస్ జవాబులిచ్చే యంత్రాన్ని) మాత్రం ప్రాంగణం బయట పెడతాం.

గిట్‌ల్యాబ్, జీపీయూ (భారీ లెక్కల చిప్పు) యంత్రాలు, విద్యార్థులు చెడగొట్టి నేర్చుకునే లినక్సు యంత్రాలు 2018 సర్వరు మీదే కొనసాగుతాయి. బయటి ఇంటర్నెట్‌కు అవి కనబడవు, వీపీఎన్ (లోపలి నెట్‌వర్కులోకి రహస్య దారి) ద్వారానే చేరాలి. నెట్‌వర్కింగ్ పాఠానికి అసలు మెయిల్ సర్వరు కావాలన్న నా పట్టుదలను ఇక్కడ కొంత నిలబెట్టుకున్నాను: ప్రయోగశాలలో పిల్లలే పోస్ట్‌ఫిక్స్ నిలబెట్టి, తమలో తాము ఉత్తరాలు పంపుకుంటారు. అక్కడ పొరపాటు జరిగితే ఎవరి వైవా ఆగదు.

తేలనిది మెయిలింగ్ లిస్టులదే. 11 లిస్టుల్లో ఏడు చచ్చిపోయాయి. పూర్వ విద్యార్థుల లిస్టులో మాత్రం 2004 నుంచి ఉత్తరాలున్నాయి. ఉద్యోగ ప్రకటనలు, పెళ్లి పిలుపులు, చనిపోయిన ఆచార్యులపై రాసుకున్న సంతాపాలు. అందులో ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు కూడా ఉన్నాయి కనుక, 2023 నాటి వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం తర్వాత దాన్ని బహిరంగంగా ఉంచడం సరికాదని న్యాయ విభాగపు మిత్రులొకరు అన్నారు. చెరిపేయడానికి నాకు చేతులు రావడం లేదు.

పాత_కన్సోల్ | సోమవారం, రాత్రి 8.30

చెరపకండి. ఎంబాక్స్ ఫైలుగా (ఉత్తరాలన్నీ ఒకేచోట ఉండే సాదా ఫైలుగా) తీసి గ్రంథాలయానికి ఇవ్వండి, లోపలివారికి మాత్రమే చూపేలా భద్రపరచమనండి. లైబ్రేరియన్లకు ఇలాంటివి కాపాడటం మనకంటే బాగా తెలుసు.

ఇక మారే రోజు సంగతి. మెయిల్ ఏ సర్వరుకు వెళ్లాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు మార్చడానికి రెండు రోజుల ముందే దాని టీటీఎల్‌ను (ఇతరులు దాన్ని గుర్తుంచుకునే వ్యవధిని) 300 సెకన్లకు తగ్గించుకోండి. మార్చాక కూడా పాత సర్వరును వెంటనే ఆపకండి, రెండు వారాలు వింటూ ఉండనివ్వండి. దారి తెలియని ఉత్తరాలు అక్కడికే వస్తుంటాయి. విభాగంలో ఏ ప్రింటరు, ఏ హాజరు యంత్రం, ఏ స్క్రిప్టు ఆ సర్వరు ద్వారా మెయిల్ పంపుతోందో లాగ్‌లలో వెతికి పట్టుకోండి, ఎవరికీ గుర్తులేనివి కనీసం మూడు దొరుకుతాయి. ఈ పనంతా అనలిస్టు గారు ఉండగానే, జూన్ మొదటి వారంలోనే చేయండి. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం మొదలుపెట్టకండి.

రూట్ పాస్‌వర్డు ఈసారి రాసిపెట్టుకున్నారా?

సర్వర్_గది_తాళం | సోమవారం, రాత్రి 9.02

రాశాను. రెండు కవర్లలో పెట్టి సీలు వేయించాను. ఒకటి విభాగాధిపతి గారి బీరువాలో, ఇంకొకటి కంప్యూటర్ కేంద్రంలో ఉన్నాయి.